ముత్యాల దండ వేసుకున్న రోజు

జర్మనీలో స్టట్‌గార్ట్ దగ్గర ఒక పెద్దావిడ ఇంటికి రోజూ పొద్దున ఏడింటికి వెళ్తాను. 88 ఏళ్లు. కాళ్ల వాపుకి డాక్టర్ రాసిన బిగుతు మేజోళ్లు తొడిగి, మాత్రలు ఇచ్చి రావడం నా డ్యూటీ. ఆ ఖర్చు ఆరోగ్య బీమాది. స్నానం, బట్టలు, వంట అన్నీ కూతురే చూస్తుంది. అందుకోసం ఉద్యోగాన్ని సగం పూటకి తగ్గించుకుంది.

ఆవిడకి ఎంత సాయం అవసరమో తేల్చడానికి మెడికల్ సర్వీస్ నుంచి పరీక్షకు మనిషి వచ్చే రోజు నేను వెళ్లేసరికి ఆవిడ తల దువ్వుకుని, ముత్యాల దండ వేసుకుని కూర్చున్నారు. బొత్తాలు మీరే పెట్టుకుంటారా అని ఆ వచ్చిన మనిషి అడిగితే "ఆఁ". మెట్లెక్కుతారా అంటే "ఎందుకెక్కను? అన్నీ నేనే చేసుకుంటాను". ఆ బొత్తాలు అరగంట క్రితమే కూతురు పెట్టింది. ఖమ్మంలో మా నానమ్మ కూడా డాక్టర్ ముందు మోకాళ్లు నొప్పే లేదనేది.

ఇక్కడ ఆ గంటసేపటి పరీక్ష మీదే చాలా ఆధారపడుతుంది. జర్మనీలో 1995 నుంచి వృద్ధాప్య సంరక్షణకి విడిగా బీమా ఉంది, నా జీతంలోంచి కూడా కోస్తారు. 2017 నుంచి అవసరాన్ని బట్టి అయిదు గ్రేడ్‌లు. ఇంట్లోవాళ్లే చూసుకుంటుంటే గ్రేడ్ 2కి నెలకు 347 యూరోలు, గ్రేడ్ 3కి 599. నాకు అంతకంటే నచ్చింది ఇంకోటి. చూసుకునే మనిషి తక్కువ గంటలే ఉద్యోగం చేస్తుంటే, ఆమె పెన్షన్ ఖాతాలో కూడా ఈ బీమా డబ్బు కడుతుంది. కూతురి చాకిరీని పనిగా లెక్కేసిన దేశం నేను మొదటిసారి చూశాను.

అంతకుముందు ఇంగ్లండ్‌లో ఒక కేర్ హోమ్‌లో మూడేళ్లు చేశాను. అక్కడ అవసరం చూశాక ఆస్తి లెక్క తీస్తారు. 23,250 పౌండ్లు దాటితే ఖర్చంతా సొంతంగా పెట్టుకోవాలి. ఒంటరి మనిషి హోమ్‌కి వచ్చేస్తే ఇల్లు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఒకాయన రోజూ రాత్రి మాత్రలిచ్చేటప్పుడు "నా ఇల్లు అమ్మేశారా?" అని అడిగేవాడు. నాకు మాట వచ్చేది కాదు. పక్కనే స్కాట్లండ్‌లో 2002 నుంచి 65 దాటినవాళ్లకి స్నానం, బట్టలు లాంటి వ్యక్తిగత సేవ ఉచితం. జర్మనీలో కూడా హోమ్‌లో చేరితే గది, తిండి ఖర్చు మనదే, బీమా ఇచ్చేది కొంతే.

మా పెద్దావిడకి గ్రేడ్ 2 వచ్చింది. అభ్యంతరం చెప్పడానికి నెల గడువు. నోట్‌బుక్ పెట్టి రాయమని కూతురికి చెప్పాను. రెండు వారాలు రాసింది. ఒక పేజీలో ఇలా ఉంది: "రాత్రి 2:40. అమ్మ లేచింది. బాత్రూమ్ ఎటో తెలియక వంటింట్లో నిలబడింది. ఏడ్చింది."

రెండోసారి పరీక్షలో ఆ నోట్‌బుక్ బల్ల మీద పెట్టారు. పెద్దావిడ ఈసారి కూడా అన్నీ నేనే చేసుకుంటానన్నారు. గ్రేడ్ 3 ఇచ్చారు.