సూర్యలంక రోడ్డు మీద సైకిళ్ళు

ముందే చెప్తున్నా, గుంటూరు నుంచి సూర్యలంక బీచ్ దాకా సైకిల్ తొక్కమని కాదు. అలా వెళ్ళేవాళ్ళు ఉన్నారు, తెల్లవారుజామునే హెల్మెట్లు బిగించుకుని బయల్దేరతారు, వాళ్ళకి నా సలహాలు అక్కర్లేదు. ఇది పిల్లలున్నవాళ్ళకి, ఇంటర్‌తో సైకిల్ మానేసి మళ్ళీ ముట్టనివాళ్ళకి, "ఈ వయసులో నా వల్ల ఏమవుతుందిలే" అనేవాళ్ళకి. సైకిళ్ళని ట్రాలీ ఆటో ఎక్కించి బాపట్ల పంపండి. మీరు కారులోనో రైల్లోనో వెళ్ళండి. అక్కడి నుంచి బీచ్‌కి తొమ్మిది కిలోమీటర్లు. అంతే.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు బాపట్ల వేరే జిల్లా అయింది, గుంటూరు జిల్లాకి సముద్రమే లేకుండా పోయింది. కాగితాల మీద సంగతి అది. మా గుంటూరు బ్రాడీపేటలో మాత్రం బీచ్ అంటే ఇప్పటికీ సూర్యలంకే.

ఆ రోడ్డుకి ఎత్తుపల్లాలు లేవు. గేర్ల సైకిల్ ఉంటే మంచిదే, లేకపోయినా ఏం కాదు. పిల్లలతో గంటకి పది కిలోమీటర్లు పోతే గొప్ప, మధ్యలో ఆగుతూ పోతే గంటన్నర వేసుకోండి. అసలు చూసుకోవాల్సింది గాలిని. రాత్రంతా నేల చల్లబడుతుంది, సముద్రం అంత తొందరగా చల్లబడదు, అందుకని తెల్లవారేసరికి గాలి నేల మీద నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంటుంది. ఎండెక్కి నేల వేడెక్కాక తిరగబడుతుంది, సముద్రం మీది గాలి ఊళ్ళ మీదికి వస్తుంది. ఆరున్నరకి బాపట్లలో బయల్దేరితే వెళ్ళేటప్పుడు ఎదురుగాలి ఉండదు. పది దాటాక బీచ్ నుంచి తిరిగితే వీపు మీద చెయ్యేసి తోసినట్టు ఉంటుంది. రోజూ గడియారం పెట్టినట్టు రాదనుకోండి. కానీ తుపాన్ల హడావిడి అయిపోయాక, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈ లెక్క చాలావరకు పనిచేస్తుంది. మే నెలలో మాత్రం పడమటి గాలి సముద్రపు గాలిని సాయంత్రం దాకా రానివ్వదు, తిరుగు ప్రయాణం మొత్తం వేడిగాడ్పుకి ఎదురు తొక్కాలి. ఆ నెలలో పోవద్దు.

మా ఆయన వాళ్ళ అక్క తెనాలి నుంచి వచ్చింది, చుడీదార్ వేసుకుని, మోకాళ్ళ నొప్పులకి వాడే నూనె సంచిలో పెట్టుకుని. సీటు బాగా కిందికి దించమని పట్టుబట్టింది, రెండు కాళ్ళూ నేలకి ఆనాలట. కొత్తవాళ్ళందరూ అడిగేది అదే. కానీ సీటు కిందికి ఉంటే మోకాలు పొట్ట దాకా వచ్చి, రెండు కిలోమీటర్లకే నొప్పి మొదలవుతుంది. పెడల్ కింది చివర ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. ఆ ఎత్తు. ఆవిడకి భయం పోవడానికి ముందు సగం దించి ఓ ఫర్లాంగు తొక్కించి, తర్వాత పైకి లేపాం.

"వదినా, చక్రం వంక చూడమాకండి, దూరంగా రోడ్డు వంక చూడండి" అన్నా.

"దూరంగా చూస్తే దగ్గరున్న గుంటలో ఎవరు పడతారే, మీ అత్తగారా?" అంది.

అయినా చూసింది. హ్యాండిల్ వణకడం ఆగింది. ఆ తర్వాత మమ్మల్ని వదిలేసి మా అమ్మాయితో పందెం వేసుకుంది, ఆ సంగతి నేను ఇక్కడ రాయకూడదట.

దోవలో నేను ఎక్కువసేపు ఆగేది దొరువుల దగ్గర. మా పిల్లకి అదొక వింత. బాపట్ల తీరంలో అంతా ఇసుక నేల, లోతుకి బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. వాన నీరు మాత్రం ఇసుకలోకి దిగి, ఆ ఉప్పునీటి మీద పలచగా తేలి నిలుస్తుంది, తేలిక కాబట్టి. దాన్ని కదిలించకుండా తీసుకోవాలి. అందుకే ఇక్కడి రైతులు నుయ్యి తవ్వరు, పొలంలోనే మనిషి లోతున వెడల్పుగా గుంట తీస్తారు, అదే దొరువు. వెనకటికి కడవలు రెండు చేతులా పట్టుకుని అందులోకి దిగి, ముంచుకొచ్చి వేరుశనగకీ కూరగాయలకీ పోసేవాళ్ళు. ఎక్కువ తోడితే కింది ఉప్పునీళ్ళు పైకి ఎక్కుతాయి, పంట పోతుంది. బాపట్లలోని పరిశోధన కేంద్రం వాళ్ళు ఇసుకలో అడ్డంగా చిల్లుల పైపులు పరిచి, ఆ పైపొర నీళ్ళే ఓ బావిలోకి వచ్చేలా పద్ధతి తీశారు. మేం ఆగిన చోట గట్టు ఇసుక జారకుండా తాటాకులు అడ్డం పెట్టారు. మా అమ్మాయి దోసిట్లో పట్టి రుచి చూసి, "అమ్మా, నిజంగా ఉప్పు లేదు" అంది. ఆ పొలం ఆయన నవ్వి, "ఉప్పుంటే మేం ఇక్కడెందుకుంటాం తల్లీ" అన్నాడు. తొక్కడం ఆపి నడిచి చూడాల్సింది ఏదన్నా ఉంటే ఇదే. కారులో వెళ్ళినన్నాళ్ళూ ఇది నా కంటపడలేదు.

తర్వాత సరుగుడు తోటలు, జీడిమామిడి. సంక్రాంతి ముందూ వెనకా అయితే రోడ్డు పక్కన తేగలు అమ్ముతారు. కాల్చినవి కొనండి, ఉడకబెట్టినవి పీచు ఎక్కువ అనిపిస్తాయి నాకు. వైమానిక దళం స్టేషన్ దగ్గర ఫోన్లు లోపల పెట్టుకోండి, ఫోటోలు తీయమాకండి.

బీచ్ దగ్గరపడేకొద్దీ రోడ్డు అంచున ఇసుక పేరుకుని ఉంటుంది. చూడ్డానికి పలచగానే ఉంటుంది, ముందు చక్రం అందులో పడి పక్కకి తిరిగితే పిల్లలు పడిపోతారు. అక్కడ బ్రేక్ వేయకుండా, హ్యాండిల్ తిప్పకుండా నేరుగా పోవాలి, లేదంటే దిగి నడిపించుకోవాలి. సర్కారు తుమ్మ ముళ్ళు ఇంకో బాధ. టైరు ప్యాచ్ వేసుకోవడం రాకపోతే కనీసం స్పేర్ ట్యూబు, చేతిపంపు తీసుకెళ్ళండి. దోవలో పంక్చర్ షాపు కనిపిస్తుందనే ఆశతో పోవద్దు.

బీచ్ గురించి చెప్పడానికేముంది, అందరికీ తెలిసిందే. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, దాని మీద సైకిల్ బ్రహ్మాండంగా పోతుంది, కానీ నేను ఎక్కనివ్వను. ఉప్పునీరు చైన్‌లోకి పోయిందంటే వారంలో తుప్పు. సైకిళ్ళు రోడ్డు మీదే ఒకదానికొకటి గొలుసు వేసి కట్టేసి, మనం నడిచి వెళ్ళడం మంచిది. నీళ్ళలో మోకాళ్ళ లోతు దాటొద్దు, అక్కడ అల వెనక్కి లాగే చోట్లు ఉన్నాయి, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం, కార్తీక పౌర్ణమి రోజు ఈ రోడ్డు మీదికి సైకిల్ తేవద్దు. పౌర్ణమికి వేలల్లో జనం స్నానాలకి వస్తారు, బస్సులూ ఆటోలూ ఒకదాని వెనక ఒకటి. పిల్లల్ని అంచున తొక్కిస్తే మనకి ఆ రోజంతా టెన్షనే. మామూలు శనివారం పొద్దున అయితే రోడ్డు మనదే.

ఇంటికొచ్చాక ఎంత అలసట ఉన్నా ఆ సాయంత్రమే సైకిళ్ళకి బకెట్టు మంచినీళ్ళు పోసి, పాతగుడ్డతో చైన్ తుడిచి నూనె వేయండి. గాలిలోనే ఉప్పు ఉంటుంది, మనం నీళ్ళలో దించకపోయినా. మా ఆయన కొబ్బరినూనె సీసా తీశాడు. అది జిడ్డుకట్టి ఇసుకంతా పట్టుకుంటుంది. సైకిల్ షాపులో అడిగితే చైన్‌కి వేసే నూనె ఇస్తారు, అది లేకపోతే కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి, పైన మిగిలింది తుడిచేయండి.