“అబ్బా!” అని పిలిచిన పిల్లాడు

యెరూషలేములో ట్రామ్ దిగగానే నా చెవిన పడ్డ మొదటి మాట “అబ్బా!”. నాలుగేళ్ల పిల్లాడు ఫుట్‌పాత్ మీద కూలబడి, షూ లేసు ఊడిపోయిందని వాళ్ల నాన్నని కేకేస్తున్నాడు. మా ఊరి బేతేలు ప్రార్థన మందిరంలో పాస్టరుగారు కళ్లు మూసుకుని “అబ్బా తండ్రీ” అంటేనే ఆ మాట విన్నాను నేను. ఇక్కడేమో అది నాన్నని పిలిచే మామూలు పిలుపు. నిజానికి అది అరామిక్ మాట, అమ్మని పిలిచే “ఇమా” కూడా అంతే, రెండూ ఎప్పుడో హీబ్రూలో కలిసిపోయాయి. బ్యాగు పట్టుకుని అలాగే నిలబడిపోతే అక్క చెయ్యి పట్టి లాగింది.

2018 నవంబరులో అక్కని చూడ్డానికి వెళ్లాను. పెద్దవాళ్లని కనిపెట్టుకుని ఉండే పని తనది. ఆ పని మీద అక్కడున్న తెలుగువాళ్లు చాలామందే. ఆడవాళ్లయితే “మెతపెలెత్”, మగవాళ్లయితే “మెతపెల్” అంటారు, వైద్యానికి వాడే “తిపూల్” కూడా ఆ ధాతువులోంచే. అక్క ఏ క్లాసుకీ వెళ్లలేదు, భాషంతా వంటింట్లోనే వచ్చింది. తను చూసుకునే పెద్దావిడని “సవ్తా” అంటుంది, అంటే అమ్మమ్మ. సవ్తా ఒకప్పుడు టీచరు. నాకు మాటల పిచ్చి ఉందని తెలిశాక ఆవిడ ఇక వదల్లేదు, కాఫీ తాగుతూ ఏదో ఒక మాట చెప్పడం, అది ఎక్కడినుంచి వచ్చిందో నన్నే చెప్పమనడం. నేను తొందరపడితే ఐదు వేళ్ల కొసలూ పైకి కలిపి, చెయ్యి మెల్లగా ఊపుతూ “రెగా” అనేది. ఒక్క క్షణం, ఆగు అని. ఆ దేశంలో ఆ సైగ అందరికీ అర్థమవుతుంది.

హీబ్రూలో మాటలు చాలావరకు మూడు హల్లుల చుట్టూ అల్లుకుంటాయి. ఆ మూడూ పట్టుకుంటే కుటుంబం మొత్తం దొరుకుతుంది. మహనే యెహూదా మార్కెట్లో అక్క ఖర్జూరాలు కొని “లెషలేమ్” ఎక్కడ అని అడిగింది. డబ్బు కట్టడమట. నాకు అందులో “షలోం”, అంటే శాంతి అనే మాట, వినబడింది. ఇంటికొచ్చి అడిగితే సవ్తా అవునంది. “షలేమ్” అంటే పూర్తిగా, ఏ లోటూ లేకుండా ఉన్నది. ఇవ్వాల్సింది ఇచ్చేసి లోటు పూడ్చడం “లెషలేమ్”, ఏ లోటూ లేని స్థితి “షలోం”. మనం “చెల్లించడం” అంటాం కదా, అందులోనూ “చెల్లు” ఉంది, చెల్లుకు చెల్లు అనేటప్పటి చెల్లు. బాకీ తీరితే మనసు కుదుటపడుతుందని రెండు భాషలకీ తెలుసు. సంతకి వెళ్లి ఇంత సంతోషపడి రావడం నాకు అదే మొదలు.

పలకరింపు “మా నిష్మా?” కూడా అంతే. “ఏం వినబడుతోంది?” అని అడగడం, మన “ఏంటి విశేషాలు?” లాంటిదే. అందులోని “వినడం” ఇష్మాయేలు పేరులోనూ ఉంది, దేవుడు వింటాడు అని ఆ పేరుకి అర్థం.

సూపర్‌మార్కెట్లో మాత్రం బోల్తా పడ్డాను. అక్షరాలు కూడబలుక్కుని చదవడం అప్పుడప్పుడే వస్తోంది, ఒక మాంసం ప్యాకెట్ మీద “హోదు” అని ఉంది. హోదు అంటే ఇండియా, ఎస్తేరు గ్రంథం మొదటి వచనంలోనే ఉంటుంది. మన దేశం నుంచి వచ్చిన మాంసం అనుకుని అక్కకి గొప్పగా చూపించాను. తీరా అది టర్కీ కోడి! దాని పూర్తి పేరు “తర్నెగోల్ హోదు”, ఇండియా కోడిపుంజు. అమెరికా పక్షికి ఇంగ్లీషువాళ్లు టర్కీ దేశం పేరు పెడితే, వీళ్లు మన పేరు పెట్టారు.

అక్క ఉండే బిల్డింగ్ కింద మీటర్లున్న ఇనుప బీరువా మీద “హష్మల్” అని రాసి ఉంటుంది. కరెంటు. యెహెజ్కేలు దర్శనంలో అగ్ని మధ్య మెరిసినదాన్ని వర్ణించిన మాట అది, మన తెలుగు బైబిల్లో “అపరంజి” అని ఉంటుంది. పాత గ్రీకు అనువాదంలో దానికి “ఎలెక్ట్రాన్” అని పెట్టారు, ఎలక్ట్రిసిటీ అనే మాట కూడా అందులోంచి వచ్చిందే కాబట్టి 19వ శతాబ్దంలో కరెంటుకి ఈ మాటే తీసుకున్నారు. ప్రవక్త చూసిన వెలుగు పేరు మీటరు డబ్బా మీద, పక్కనే ఎవరిదో సైకిలు.

హీబ్రూని మళ్లీ ఇంట్లో మాట్లాడే భాషగా చేయాలని పూనుకున్న ఎలియేజర్ బెన్ యెహూదా ఇథియోపియా వీధిలో ఉన్న ఇంటిని బయటినుంచే చూశాను. 1881లో వచ్చిన ఆయన, 1882లో పుట్టిన కొడుకుతో హీబ్రూ తప్ప వేరే భాష మాట్లాడనివ్వలేదు. మరి ఇంట్లో పిల్లాడు ఉన్నాడంటే బొమ్మకి ఓ మాట కావాలి, ఐస్‌క్రీమ్‌కి ఓ మాట కావాలి. “గ్లిదా” అలా వచ్చిందే, మంచు అనే అరామిక్ మాటలోంచి. డిక్షనరీకి అప్పటిదాకా “మాటల పుస్తకం” అనేవారు, ఆయన “మిల్లా” అంటే మాట అన్నదాన్ని “మిలోన్” చేశాడు. ఆ గేటు ముందు నాకు కళ్లు చెమర్చాయి. ఒక భాష మళ్లీ పిల్లల నోట్లోకి రావడానికి ఒక ఇల్లు పడిన కష్టం అది.

శుక్రవారం సాయంత్రం ట్రామ్ ఆగిపోయింది, వీధి ఖాళీ. షబ్బాత్ అంటే ఆగడం. సమ్మెకి వాడే “ష్విత” కూడా అదే ధాతువు. ఆ రాత్రి సవ్తాకి నా వంతు మాట ఒకటి చెప్పాను. సొలొమోను ఓడలు తెచ్చిన నెమళ్లని బైబిల్లో “తుక్కీ” అంటారు, ఇప్పటి హీబ్రూలో “తుకీ” అంటే చిలక. ఆ మాట తమిళ “తోగై” నుంచి వెళ్లిందని చాలామంది పండితులు అంటారు, మన “తోక” దాని చుట్టమే. ఆవిడ “తోక, తుకీ, తోక” అని నాలుగైదుసార్లు అనుకుంది. తర్వాత “రెగా”కి తెలుగులో ఏమంటారని నన్ను అడిగింది. నేను ఆలోచిస్తుంటే ఆవిడే వేళ్లు కలిపి, చెయ్యి ఊపుతూ, అచ్చం అక్క గొంతుతో అంది, “ఆగమ్మా!”