తిలక్ రోడ్డు ప్రెస్సుకు ఒక నడివయసు కంప్యూటర్

పాత సాఫ్ట్‌వేర్‌ను మళ్ళీ నడిపించాలనుకునేవారు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతారు: ఆ సాఫ్ట్‌వేర్ పుట్టిన కాలపు యంత్రాన్నే వెతికి తెచ్చుకోవడం, లేదా కొత్త ల్యాప్‌టాప్‌లోనే ఎలాగోలా నెట్టుకురావడం. తిరుపతి తిలక్ రోడ్డులో మా మేనమామగారు నడిపే చిన్న ప్రెస్సు కోసం ఈ పని నెత్తిన వేసుకున్నాక, ఆ రెండింటికన్నా 2003 ప్రాంతపు పెంటియం 4 కంప్యూటరే మేలని నాకు తేలింది. మన జిల్లా సరిహద్దు పల్లెల్లో తెలుగూ అరవమూ తడుముకోకుండా మాట్లాడేవారు ఉన్నట్టే, ఆనాటి ఇంటెల్ 865 చిప్‌సెట్ మదర్‌బోర్డుకు ఫ్లాపీ, ఐడీఈ (వెడల్పు రిబ్బన్ కేబుల్) హార్డ్ డిస్కు, ప్రింటర్ పోర్టు ఎంత తెలుసో, యూఎస్‌బీ 2.0, సాటా (తరువాత వచ్చిన సన్న కేబుల్ డిస్కులు) అంతే తెలుసు.

ప్రెస్సులో ఉన్న సరుకు ఇది. శుభలేఖల నమూనాలు, గంగమ్మ జాతర కరపత్రాలు, స్తోత్రాల చిన్న పుస్తకాలు అన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 6.5 సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో కూర్చినవి. వాటితో పాటు ఎవరో కుర్రవాడు అప్పట్లో టర్బో పాస్కల్ అనే డాస్ కాలపు ప్రోగ్రామింగ్ సాధనంలో రాసిచ్చిన బిల్లుల ప్రోగ్రాం ఒకటి ఉంది. “పేజీలు పోతే మళ్ళీ కూర్చుకుంటాం గానీ, ఆ బిల్లులది మాత్రం నడవాల్రా” అని మామ ముందే చెప్పారు. అన్నీ విండోస్ 98 ఉన్న ఒకే హార్డ్ డిస్కులోనూ, కొన్ని ఫ్లాపీల్లోనూ ఉన్నాయి.

ఆ విండోస్ 98కు పెన్‌డ్రైవ్ పెడితే అదేమిటో దానికి తెలియదు. ప్రతి తయారీకీ వేరే డ్రైవర్ కావాలి. ఫ్లాపీలతో మోయడం వృథా ప్రయాస, ఎందుకంటే ఒక్కోదానిలో పట్టేది 14,74,560 బైట్లే. కనుక హార్డ్ డిస్కునే ఊడదీసి, వెనుకనున్న జంపర్‌ను (చిన్న తొడుగును) స్లేవ్, అంటే రెండో డిస్కు, స్థానానికి మార్చి, పెంటియం 4 రిబ్బన్ కేబుల్‌కు తగిలించడమే దగ్గరి దారి. కేబుల్ అంచున ఉన్న ఎర్ర గీత ఒకటో పిన్ను వైపు, అంటే చాలా డిస్కుల్లో కరెంటు ప్లగ్గు పక్కకు, రావాలి. అయితే నేరుగా ఆ పెంటియం 4లోని విండోస్ ఎక్స్‌పీలోకి వెళ్ళకూడదన్నది నా పట్టింపు. కొత్త డిస్కు కనబడగానే ఎక్స్‌పీ తన సిస్టమ్ రిస్టోర్ (పాత స్థితికి తిరిగి వెళ్ళే ఏర్పాటు) కోసం దాని మీద ఫోల్డర్ సృష్టించి రాయడం మొదలుపెడుతుంది. చివరి దశలో ఉన్న డిస్కు మీద కొత్తగా ఒక్క అక్షరం పడడం కూడా నాకు ఇష్టం లేదు. అందుచేత ముందు లైనక్స్ సీడీతో లేపి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో మొత్తం డిస్కుకు నకలు తీశాను. చదవగలిగిన భాగాలన్నిటినీ ముందు తీసుకుని, మొండికేసిన సెక్టార్ల దగ్గరకు తరువాత తిరిగి రావడం దాని పద్ధతి. అరిగిన డిస్కుకు అంతకన్నా మంచి మర్యాద లేదు.

నకలు నుంచి ఫైళ్ళు తీయడం తేలికే, కానీ ఎక్కడ పెట్టాలన్నది తేలిక కాదు. పేజ్‌మేకర్ పెద్ద బొమ్మలను తనలో దాచుకోకుండా, అవి ఏ డ్రైవులో ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో మాత్రం గుర్తుపెట్టుకోగలదు. శుభలేఖ మీద ఉండే పద్మావతీ శ్రీనివాసుల బొమ్మ డి డ్రైవులో ఉండేదయితే, కొత్తచోట కూడా డి డ్రైవులోనే, అదే ఫోల్డర్ పేరుతో ఉండాలి. లేకుంటే పేజీ తెరిచిన ప్రతిసారీ బొమ్మ ఎక్కడుందో చూపించమని అడుగుతుంది. డాస్ మోడ్‌లో కాపీ చేస్తే పొడుగు పేర్లు ఎనిమిది అక్షరాలకు కుదించుకుపోయి ఈ లింకులన్నీ తెగుతాయి. ఫాంట్ల సంగతి ఇంకా ముఖ్యం. అను ఫాంట్లు ఎక్కించకుండా ఫైలు తెరిస్తే పేజ్‌మేకర్ వేరే ఫాంటును బదులు పెడతానంటుంది. సరేనంటే “శ్రీరస్తు శుభమస్తు” ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలూ వాటి నెత్తిన చుక్కలూ గీతలూ దర్శనమిస్తాయి. ఫైలులో ఉన్నది తెలుగు కాదు, తెలుగు ముక్కల బొమ్మలను ఇంగ్లీషు స్థానాల్లో కూర్చిన సంకేతాలు మాత్రమే.

బిల్లుల ప్రోగ్రాం మాత్రం మొదలుకాగానే రన్‌టైమ్ ఎర్రర్ 200 అని చెప్పి ఆగిపోయింది. దీని వెనుక కథ నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. టర్బో పాస్కల్‌లో తెరనూ కీబోర్డునూ చూసుకునే సీఆర్‌టీ యూనిట్ అనే భాగం, ప్రోగ్రాం మొదలయ్యే ముందు, యంత్రం వేగమెంతో తెలుసుకోవడానికి గడియారపు ఒక్క టిక్కు కాలంలో, అంటే సుమారు 55 మిల్లీసెకన్లలో, ఒక ఖాళీ లూపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి దాన్ని 55తో భాగిస్తుంది. ఫలితం 16 బిట్లలో, అంటే 65,535 లోపల ఇమడాలి. వేగవంతమైన ప్రాసెసర్ లూపును మరీ ఎక్కువసార్లు తిప్పేస్తుంది, భాగఫలం పట్టదు, ప్రోగ్రాం దానిని సున్నాతో భాగహారంగా పొరబడి కూలిపోతుంది. ఈ లోపాన్ని సరిదిద్దే చిన్న ప్యాచ్‌లు చాలాకాలంగా ఉన్నాయి. ప్రోగ్రాం ఉన్న ఈఎక్స్‌ఈ ఫైలు నకలు మీద ఒకటి నడిపితే సమస్య తీరిపోయింది.

పాత డాస్ యంత్రాన్ని అనుకరించే డాస్‌బాక్స్‌లో వేగం తగ్గించి నడిపినా ఇదే ఫలితం వచ్చేది. కానీ బిల్లు కాగితం మీద పడాలి కదా. ఈ ప్రోగ్రాం నేరుగా ఎల్‌పీటీ1కే, అంటే మొదటి ప్రింటర్ పోర్టుకే, రాస్తుంది, మామూలు డాస్‌బాక్స్‌కు ఆ పోర్టు లేదు. పెంటియం 4 వెనుక గులాబీ రంగు పోర్టుకు డాట్ మాట్రిక్స్ ప్రింటర్ తగిలిస్తే, కార్బన్ వేసిన రెండు ప్రతులూ మునుపటిలాగే గరగరమంటూ బయటికొచ్చాయి. 64 బిట్ల విండోస్‌లో అయితే 16 బిట్ల ప్రోగ్రాంలు అసలు మొదలే కావు. 1990ల నాటి కొన్ని సాఫ్ట్‌వేర్‌లు తాము 32 బిట్లవైనా, ఇన్‌స్టాలర్ 16 బిట్లది కావడంతో అక్కడే ఆగిపోతాయి.

ఇక ల్యాప్‌టాప్‌కు చేరవేత. ఎక్స్‌పీకి తెలిసిన ఫైల్ షేరింగ్ పద్ధతి ఎస్‌ఎంబీ మొదటి కూర్పు ఒక్కటే; దానిని విండోస్ 10 1709 కూర్పు నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లలో భద్రతాకారణాల వల్ల పక్కన పెట్టారు. దాన్ని మళ్ళీ తెరవడం నాకు సమ్మతం కాదు. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది కనుక ఆ యంత్రానికి ఇంటర్నెట్ తీగే ఇవ్వలేదు. ఎఫ్‌ఏటీ32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ చాలు; ఎక్స్‌ఫ్యాట్ అనే తరువాతి పద్ధతి అయితే అదనపు అప్‌డేట్ లేకుండా ఎక్స్‌పీ చదవదు. పేజీలను ఫాంట్లతో సహా పీడీఎఫ్‌గా మార్చి అందులో పంపితే ప్లేటు వేసేవారికి ఏ ఇబ్బందీ ఉండదు.

స్తోత్రాల పాఠాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఇప్పటి కంప్యూటర్లన్నీ తెలుగుగానే గుర్తించే సంకేతాల్లోకి, మార్చే పని ఇప్పుడు నడుస్తోంది. మార్పిడి సాధనాలు మామూలు మాటలను బాగానే తెస్తున్నాయి గానీ, సంస్కృత సమాసాల్లో జంట ఒత్తులు వచ్చినచోట తడబడుతున్నాయి. అందుకని ప్రతి పుటనూ అచ్చు పుస్తకంతో పోల్చి దిద్దవలసి వస్తోంది. శుభలేఖల జోలికి పోవద్దని మామ అన్నారు. వాటిలో మారేవి పేర్లూ ముహూర్తమే కనుక, అవి పేజ్‌మేకర్‌లోనే ఉంటాయి.