విల్లీ బ్రాంట్ ప్లాట్జ్ స్టేషన్‌లో ఒక కొరియా ముఖం

ఫ్రాంక్‌ఫర్ట్‌లో నేను రోజూ రైలు మారే భూగర్భ స్టేషన్ పేరు విల్లీ బ్రాంట్ ప్లాట్జ్. అక్కడి స్తంభాలకు ఐంట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ ఫుట్‌బాల్ క్లబ్బు పాత మేటి ఆటగాళ్ళ బొమ్మలు చుట్టి ఉంటాయి. మొదటి ఏడాది వాటివంక చూసే తీరిక కూడా నాకు లేదు. ఒక సాయంత్రం రైళ్ళు ఆగిపోయి, ఒక స్తంభానికి ఆనుకుని ముప్పావుగంట నిలబడ్డాను. విసుగెత్తి వెనక్కి తిరిగి చూస్తే, మన ఖండపు మనిషి.

ఆయన చా బుమ్ గున్. ‘చా’ ఇంటిపేరు. కొరియావాళ్ళు కూడా మనలాగే ఇంటిపేరు ముందు పెడతారు. జర్మన్లు దాన్ని తిప్పి ‘బుమ్ గున్ చా’ అన్నారు. తరువాత ఆయన బంతిని కొట్టే తీరు చూసి ‘చా బూమ్’ అని పేలుడు శబ్దం చేసేశారు. నా పేరు ఎవరికీ అంత మోత మోగలేదు. కాగితాల్లో ముందువెనకలై, మొదటి ఉద్యోగంలో రెండేళ్ళపాటు అందరూ నన్ను మా ఇంటిపేరుతో, అంటే మా పూర్వీకుల ఊరిపేరుతో, ఆప్యాయంగా పిలిచారు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను. గోల్స్ కన్నా ముందు నన్ను పట్టుకున్నది ఒక కాగితం గొడవ.

1978 చివర్లో, 25 ఏళ్ళ వయసులో, చా జర్మనీకి వచ్చాడు. చేరింది ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాదు, ఇక్కడికి అరగంట దూరంలోని డార్మ్‌స్టాట్ జట్టులో. డిసెంబరు 30న బోఖుమ్ జట్టుతో మొదటి ఆట ఆడాడు. ఆ జట్టుకు అదే ఆయన చివరి ఆట కూడా. కొరియాలో మగవాళ్ళందరికీ సైనిక సేవ తప్పనిసరి. వైమానిక దళంలో తన సేవ ఇంకా కొన్ని నెలలు మిగిలి ఉందని తేలడంతో వెనక్కి వెళ్ళవలసి వచ్చింది. ఖండాలు దాటి వచ్చి, ఒక్క ఆట ఆడి, పెట్టె సర్దుకుని మళ్ళీ బారకాసులకు! 1979 మే ఆఖరుకు సేవ ముగించుకుని తిరిగి వచ్చేసరికి డార్మ్‌స్టాట్ పై శ్రేణి నుంచి కిందికి జారిపోయింది. అప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ ఆయన్ని తీసుకుంది.

కాలి సత్తా మీద నడిచే జీవితం కూడా చివరికి ముద్ర పడిన కాగితం మీదే ఆగుతుందని చదివి నాకు ఎందుకో కొంచెం ఊరట కలిగింది. ఇంతకుముందు నేనున్న చిన్న ఊళ్ళో నా నివాస అనుమతి పొడిగింపు ఏడు నెలలు నలిగింది. చేతిలో ఒక తాత్కాలిక కాగితం ఉండేది. దాంతో దేశం దాటితే మళ్ళీ రానిస్తారా అని అడిగితే, ఒక కిటికీలో ‘రానిస్తారు’ అన్నారు, పక్క కిటికీలో భుజాలు ఎగరేశారు. పెదనాన్నగారి దినవారాలు ఫోనులో చూశాను.

మా భవనం కింది అంతస్తులో ఒక కొరియా పెద్దావిడ ఉంటారు. 1971లో నర్సుగా వచ్చారు. 1963 నుంచి 1977 వరకు దక్షిణ కొరియా నుంచి పశ్చిమ జర్మనీకి దాదాపు 8 వేల మంది బొగ్గు గని కార్మికులు, 10 వేల మందికి పైగా నర్సులు వచ్చారు. గనులవాళ్ళు ఎక్కువమంది రూర్ లోయలో దిగారు. ఒప్పందం మూడేళ్ళు. జీతంలో తిండికి పోగా మిగిలినదంతా ఇంటికి. గల్ఫుకు వెళ్ళినవాళ్ళున్న ఏ తెలుగు ఇంట్లోనూ ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు. 1970ల చివర, అవసరం తీరింది వెళ్ళిపొండన్నప్పుడు ఆ నర్సులే సంతకాలు సేకరించి, వీధుల్లోకి వచ్చి, ఉండే హక్కు సాధించుకున్నారు. చా విమానం దిగింది ఆ రోజుల్లోనే.

ఒకసారి మెట్ల దగ్గర కలిసినప్పుడు ఆవిడతో స్తంభం సంగతి ఎత్తాను. సంచి కింద పెట్టేశారు.

“అంతకుముందు మా వార్డులో రోగులు కొరియా ఎక్కడుందమ్మా అని అడిగేవాళ్ళు” అన్నారు తన మెత్తటి జర్మన్‌లో. “ఆయన వచ్చాక, చా మీకు బంధువా అని అడగడం మొదలుపెట్టారు.”

“మీరేమనేవారు?”

“ముసలివాళ్ళయితే అవునని చెప్పేదాన్ని. సూది వేయించుకోవడానికి గోల చేసేవాళ్ళు కాదు.”

1980లో ఐంట్రాక్ట్, యూరప్ క్లబ్బుల మధ్య జరిగే యూఎఫా కప్పు గెలిచింది. 1981లో జర్మన్ కప్పు ఫైనల్లో కైజర్స్‌లౌటర్న్ మీద 3-1తో గెలిచినప్పుడు ఒక గోలు చాది. ఈ రెంటి నడుమ, 1980 ఆగస్టులో లెవర్‌కూసెన్‌తో ఆటలో గెల్స్‌డోర్ఫ్ అనే ఆటగాడు వెనక నుంచి గట్టిగా గుద్దడంతో చా నడుము దగ్గర వెన్నుపూస విరిగింది. అభిమానులు మండిపడ్డారు. గెల్స్‌డోర్ఫ్‌కు బెదిరింపులు వచ్చాయి. చా మాత్రం కోర్టుకు వెళ్ళలేదు. దీన్ని అందరూ ఆయన ఔదార్యంగా రాస్తారు. అయి ఉండవచ్చు, ఆయన భక్తిపరుడైన క్రైస్తవుడు. కానీ పరాయి ఊళ్ళో పనిచేసేవాడిగా నాకు ఇంకో అనుమానం ఉంది. రేపు కూడా ఈ మనుషుల మధ్యే ఆడాలి, గొడవ పడ్డ విదేశీయుడన్న ముద్ర పడితే వదలదు. ఆ లెక్క వేసుకోని వలసజీవి ఉంటాడా? 1983లో ఆయన ఆ లెవర్‌కూసెన్‌కే మారాడు.

అక్కడి సంగతి ఒకటి చెప్పి తీరాలి. 1988 యూఎఫా కప్పు ఫైనల్ రెండు ఆటలు. మొదటిది స్పెయిన్ జట్టు ఎస్పాన్యోల్ మీద 0-3తో ఓడారు. రెండు ఆటల గోల్స్ కలిపి లెక్క కాబట్టి, రెండో దానిలో కనీసం అంతే తేడాతో గెలవాలి. మొదటి సగంలో ఒక్క గోలూ లేదు. తరువాత రెండు పడ్డాయి. 81వ నిమిషంలో చా తలతో మూడోది కొట్టాడు. పెనాల్టీల్లో కప్పు లెవర్‌కూసెన్‌కు దక్కింది. అప్పటికి ఆయనకు దాదాపు 35 ఏళ్ళు. ఆ ఆట దృశ్యాలు నేను నాలుగైదుసార్లు చూశాను, ప్రతిసారీ మూడోది పడదేమోనని భయమే.

జర్మనీ పై శ్రేణి లీగు బుండెస్‌లీగాలో చా మొత్తం 308 ఆటలు, 98 గోల్స్, అందులో ఒక్కటీ పెనాల్టీ కాదు. ఇంత ఆడుతున్నా 1978 నుంచి 1986 వరకు కొరియా జట్టులో ఆయన లేడు. మెక్సికో ప్రపంచ కప్పుకు మాత్రం పిలిచారు. యూరప్‌లో ఆయన మొత్తం 121 గోల్స్ లెక్కను 2019 నవంబరులో మరో కొరియా ఆటగాడు సోన్ హ్యూంగ్ మిన్ దాటాడు. అతను కూడా పదహారేళ్ళకు జర్మనీలోనే, హాంబుర్గ్‌లో దిగినవాడు.

1989లో ఆట మాని చా కొరియాకు వెళ్ళిపోయాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన ఆయన కొడుకు చా డూ రీ మాత్రం పెద్దయ్యాక ఆడడానికి మళ్ళీ ఇక్కడికే వచ్చాడు, ఐంట్రాక్ట్ చొక్కా కూడా తొడిగాడు.

మా అమ్మాయి పుట్టిందీ ఇదే ఊళ్ళో. పోయిన నెల దాన్ని స్తంభం దగ్గరికి తీసుకువెళ్ళి “ఈయన చా బుమ్ గున్” అన్నాను.

“బుమ్ గున్ చా, నాన్నా” అంది. “ఇంటిపేరు చివర చెప్పాలి.”

రైలు వచ్చింది, ఎక్కాం.