అరేనా మెహికోలో శుక్రవారం రాత్రి

డాలస్ నుంచి మెక్సికో సిటీకి విమానంలో మూడు గంటల లోపే. పిరమిడ్లు మర్నాటికి వాయిదా వేసి, శుక్రవారం సాయంత్రమే నేనూ, మావాడూ దొక్తోరెస్ పేటకి బయల్దేరాం. 1956లో మొదలైన అరేనా మెహికో అక్కడే ఉంది. లూచా లిబ్రే అనే మెక్సికో కుస్తీకి అదే పెద్ద గుడి. పదహారు వేల మందికి పైగా పడతారు. బయట ఫుట్‌పాత్ నిండా ముసుగులమ్మే బళ్లు. ఆ పేటలో రాత్రిపూట నడవొద్దని హోటల్లో ముందే చెప్పారు, అందుకే రానూపోనూ క్యాబే.

నాకీ పిచ్చి ఇంజనీరింగ్ హాస్టల్లో పట్టింది. టీవీ గదిలో డబ్ల్యూడబ్ల్యూఈ అనే అమెరికా కుస్తీ షో పెట్టారంటే మెస్‌లో అన్నం చల్లారిపోయేది. చుట్టూ అరుస్తున్నవాళ్లకి ఎవరు గెలుస్తారోనని టెన్షన్. నాకేమో అంత బాహాటంగా, అంతసేపు మగవాళ్లని చూస్తూ కూర్చోగలిగిన చోటు అదొక్కటే. సినిమాలో హీరోని కాస్త ఎక్కువ మెచ్చుకున్నా ఆట పట్టించేవాళ్లు. కుస్తీ చూస్తుంటే మాత్రం ‘మగాడ్రా’ అనేవాళ్లు! మేం ఊగిపోయి చూసిన రాయల్ రంబుల్ అనే కుస్తీ పోటీకి రూపం ఇచ్చిన ప్యాట్ ప్యాటర్సన్ గే అని 2014లో ఆయనే టీవీలో చెప్పాక గానీ నాకు తెలియలేదు.

అమెరికాలో అలా దాగింది ఇక్కడ రింగులోనే ఉంది. ‘ఎక్సోతికో’లంటే ఈకలు, మెరుపుల బట్టలు వేసుకుని వయ్యారంగా వచ్చే మల్లులు. 1940ల్లో గార్డీనియా డేవిస్ అనే ఆయన జనం మీదకి పూలు విసురుతూ వచ్చేవాడట. చాలాకాలం అది నవ్వించే వేషమే. 80ల చివర్లో కసాంద్రో అనే మల్లుడి తరం వచ్చి, వేషం కాదు, మేం నిజంగానే గే అన్నారు. కసాంద్రోది మావాడి ఊరే, టెక్సస్‌లోని ఎల్ పాసో. 1991లో ఎల్ ఇహో దెల్ సాంతో అనే పేరుమోసిన మల్లుడితో తలపడ్డాడు, మరుసటేడు ప్రపంచ టైటిల్ కొట్టాడు. మావాడు ఇది చెప్పేటప్పుడు సొంత అన్నయ్య గురించి చెబుతున్నట్టే ఉంటుంది.

ఆ రాత్రి మూడో పోటీలో గులాబీరంగు టైట్స్‌తో ఒక ఎక్సోతికో వచ్చాడు. ఎదుటివాణ్ని మూలకి నెట్టగానే హాలంతా ‘బేసో! బేసో!’ అని ఒకటే గోల, ముద్దు పెట్టమని. ముసుగులేసుకున్న పిల్లలు, వాళ్ల అమ్మమ్మలు కూడా. పెట్టేశాడు. పై తాడెక్కి రింగు బయటికి దూకినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు, అందరూ లేచి నిలబడ్డారు. నేను గొంతు పోయేలా అరిచాను. వెనక వరసలోంచి ఒకడు అన్నమాట మావాడు నాకు తర్జుమా చెయ్యలేదు. అడిగినా చెప్పలేదు.

తర్వాత సోనా రోసా పేటలో, గే బార్లుండే అంబేరెస్ వీధిలో, బీరు ముందేసుకుని వాదించుకున్నాం. జనం నవ్వింది మనల్ని చూసే అంటాడు మావాడు. ఆ నవ్వులో కొంత అదే, కాదనను. కానీ ముద్దు తిన్నవాడు సిగ్గుపడి పారిపోతుంటే, జనం నవ్వింది వాణ్ని చూసి కూడా. ఇద్దరం ఒప్పుకోలేదు. ఆదివారం ఆటకి మాత్రం టికెట్లు అక్కడే ఫోన్లో కొనేశాం, ఈసారి రింగుకి ఇంకా దగ్గర్లో.