హిలోలో వాన పడితే కొండ మీద ఎండ: మౌనా కేయా ఎక్కిన నా అనుభవం

హిలోలో ఉతికిన తువ్వాలు ఆరదు. హిలో అంటే హవాయి పెద్ద దీవికి తూర్పు తీరాన ఉన్న ఊరు. ఆ దీవిలో నాకు అబ్బిన మొదటి జ్ఞానం అది.

డిసెంబరులో నేను, మా ఆవిడ, మా బావమరిది వెళ్ళాం. వారం ముందు నుంచీ ఫోన్లో హిలో వాతావరణం చూస్తూనే ఉన్నాను. ఏ రోజు చూసినా వాన, 27 డిగ్రీలు. కాటన్ చొక్కాలూ గొడుగులూ సర్దేశాను. అదే దీవిలో 4,207 మీటర్ల మౌనా కేయా కొండ ఉందనీ, దాని మీద మంచు కురుస్తుందనీ తెలుసు. తెలిసి కూడా 'ఉష్ణమండలంలో చలేంటిలే' అనుకున్నాను. కిలోమీటరు పైకి వెళ్తే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. 27లోంచి నాలుగు ఆరున్నరలు తీసేస్తే మిగిలేది ఒక డిగ్రీ. ఈ తీసివేత హోటల్ గదిలో కూర్చుని చేశాను, చేశాక స్వెట్టర్లు కొనడానికి పరిగెత్తాను.

తరవాత కారు గొడవ. మావాడు, అదే మా బావమరిది, చవగ్గా వస్తోందని బుల్లి కారు బుక్ చేశాడు. సందర్శకుల కేంద్రం దాటాక దాదాపు ఎనిమిది కిలోమీటర్లు కంకర రోడ్డు, నిట్టనిలువు ఎక్కుడు. ఫోర్ వీల్ డ్రైవ్ లేకపోతే రేంజర్లు పైకి పోనివ్వరు. అద్దె కాగితాల్లో ఆ రోడ్డుకి అనుమతి ఉందో లేదో కూడా చూసుకోవాలి. మా కాగితాల్లో లేదు. డబ్బు ఎక్కువ పెట్టి, అనుమతి ఉన్న బండి ఇంకోచోట తీసుకున్నాం.

ఇంతలో మావాడు పడమటి తీరాన కోనా వైపు స్కూబా డైవింగ్‌కి డబ్బు కట్టేశాడు. డైవింగ్ చేసిన 24 గంటలలోపు ఆ ఎత్తుకి వెళ్ళకూడదు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కడుతుంది, ప్రాణాల మీదికి వస్తుంది. "ముందు కొండ, తరవాతే సముద్రం" అంది మా ఆవిడ. "డబ్బు పోతుందక్కా" అన్నాడు వాడు. పోలేదు, తేదీ మార్చారు.

అన్నీ సర్దుకున్నాక కొండ మూతపడింది. పైన రోడ్డు సంగతి చెప్పే రికార్డెడ్ ఫోన్ లైను ఒకటుంది. పొద్దున్నే చేస్తే మంచు, గడ్డకట్టిన రోడ్డు, బలమైన గాలి, దారి బంద్ అని చెప్పింది. మర్నాడూ అదే పాట.

అప్పుడు గాని ఈ దీవి వాతావరణం నా బుర్రకెక్కలేదు. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు ఈశాన్యం నుంచి వ్యాపార పవనాలు వీస్తాయి. సముద్రం మీద చెమ్మ పీల్చుకుని వచ్చి కొండకి కొట్టుకుని పైకి లేచి, చల్లబడి, ఆ వాలులోనే కురుస్తాయి. అందుకే హిలోలో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన. కొండ అవతల కవైహే రేవులో 250 కూడా పడదు. మధ్యలో కారులో రెండు గంటల దారి కూడా ఉండదు. అయితే ఆ మేఘాలు కొండ కొస దాకా పోలేవు. సుమారు 2,000 మీటర్ల ఎత్తున వెచ్చటి పొడిగాలి గిన్నె మీద మూతలా కూర్చుని ఉంటుంది. మేఘం అక్కడికి వచ్చి ఆగిపోతుంది, ఆ పైనంతా ఎడారే. టెలిస్కోపులు ఆ కొస మీద పెట్టింది ఊరికే కాదు.

చలికాలంలో ఒక్కోసారి ఈ గాలి ఆగిపోతుంది. నైరుతి వైపు నుంచి కోనా తుఫాను వస్తుంది, మూత ఎగిరిపోతుంది, శిఖరం మీద మంచు. మేం దిగిన వారం సరిగ్గా అదే జరిగింది.

నాలుగో రోజు కిటికీ తీస్తే ఈశాన్యపు గాలి, సన్నటి తుంపర. మావాడు దిగులుగా "ఇవాళా పోయినట్టే బావా" అన్నాడు. "ఒరేయ్, ఈ గాలి తిరిగొచ్చిందంటే మూత మళ్ళీ పడినట్టే, ఇది మంచి శకునంరా, ఫోన్ చెయ్" అన్నాను. మధ్యాహ్నానికి రోడ్డు తెరిచారు!

హిలో నుంచి కొండ వైపు వెళ్ళే శాడిల్ రోడ్డు ఎక్కే ముందే ట్యాంకు నింపుకున్నాం, దారిలో బంకు లేదు. అరగంట సేపు పాలలాంటి పొగమంచు, వైపర్లు ఆగకుండా ఆడుతున్నాయి. ఉన్నట్టుండి ఎవరో తెర లాగేసినట్టు నీలాకాశం. మేఘాలు మా కాళ్ళ కింద.

2,800 మీటర్ల దగ్గర సందర్శకుల కేంద్రంలో ఒళ్ళు అలవాటు పడడానికి కనీసం అరగంట ఆగమంటారు. మేం గంట ఆగాం. మా ఆవిడ డిక్కీలోంచి తడి తువ్వాళ్ళు తీసి కారు మీద పరిచింది. నాకు సిగ్గేసింది గానీ, బయల్దేరేసరికి అప్పడాల్లా ఆరాయి.

పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో అరవై శాతమే. పది అడుగులు వేస్తే ఆయాసం. మావాడు అంతసేపూ వాగినవాడల్లా నోరు మూశాడు, తలనొప్పట. రోడ్డు పక్క మంచు కుప్పలు, టెలిస్కోపుల తెల్లటి గుమ్మటాలు. ఆ మంచు దేవత పేరు పోలియాహు అని హవాయి వాళ్ళు చెబుతారు. అసలు శిఖరం వాళ్ళకి పవిత్రం, దాని మీదికి నడవొద్దని కోరతారు. మేం రోడ్డు దగ్గరే నిలబడ్డాం. సూర్యుడు మేఘాల్లోకి దిగుతుంటే కొండ నీడ తూర్పున ఆ మేఘాల మీదే త్రికోణంలా సాగింది. ఫోటో తీద్దామంటే వేళ్ళు వంగలేదు.

దిగేటప్పుడు లో గేరులోనే రావాలి, బ్రేకు నమ్ముకుంటే అది వేడెక్కిపోతుంది. శాడిల్ దగ్గర మళ్ళీ పొగమంచు, మళ్ళీ వైపర్లు. ఒక్కో స్వెట్టరే విప్పుకుంటూ వచ్చాం. హిలోలో వాన పడుతూనే ఉంది. డిక్కీ తీసి చూస్తే తువ్వాళ్ళు అప్పుడే చెమ్మగిల్లాయి.