కోడికి ఉంగరం

ఆదివారం. పొద్దున పెసరట్లు, తర్వాత వారం నాటి బట్టలు మడతపెట్టడం. "కూర్చుని కూర్చుని కాళ్లు పట్టేశాయే" అని అమ్మ రెండోసారి అనేసరికి మ్యూజియానికి బయల్దేరదీశాను. బయట చలికి పార్కులో నడిచే పరిస్థితి లేదు. మినియాపోలిస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్‌లో అయితే టికెట్ లేదు, లోపల వెచ్చగా ఉంటుంది.

పెద్ద పెద్ద చిత్రాలన్నీ దాటేసి అమ్మ ఒక చిన్న చిత్రం ముందు ఆగింది. ఎత్తు రెండడుగులు, అటూ ఇటూగా. బట్టల్లేని ఒక అందగత్తె, పైనుంచి రాలుతున్న బంగారు నాణేలు, వాటిని గుడ్డలో పట్టుకోవడానికి సాయం చేస్తున్న మన్మథుడు. అమ్మ బట్టల సంగతి పట్టించుకోలేదు. "కోడికి ఉంగరమేంటే?" అంది.

అది టర్కీ కోడి. టర్కీల పెంపకంలో అమెరికాలో ముందు వరసలో ఉండే రాష్ట్రం మాది, అయినా ఉంగరమున్న టర్కీని ఇక్కడే చూశాను.

కథ చెప్పాను. గ్రీకు పురాణంలో డానయి రాజకుమార్తె. తండ్రి ఆమెని బంధిస్తే జ్యూస్ దేవుడు బంగారు వానై దిగి వచ్చాడు. బొమ్మలోని ముఖం మాత్రం పారిస్ నటి మద్మొజెల్ లాంజ్‌ది. 1799లో జిరొదే అనే చిత్రకారుడు ఆమె బొమ్మ గీసి సలోన్ ప్రదర్శనలో పెట్టాడు. ఆవిడకి నచ్చలేదు, తీసేయమంది. ఈయనకి ఒళ్లు మండిపోయి ఆ బొమ్మని చింపి ముక్కలు ఆమెకే పంపించాడు. అంతటితో ఊరుకోక, ప్రదర్శన ముగిసేలోపు ఈ రెండో బొమ్మ గీసి అక్కడే వేలాడదీశాడు. టర్కీ కోడి ఆమె భర్త, సిమన్స్ అనే బెల్జియం ధనికుడు. నెమలి ఈకలు ఆమె డాంబికానికి. పగిలిన అద్దం, తన అసలు ముఖం తనకే కనిపించదని. కింద కంట్లో నాణెం గుచ్చుకున్న సేటర్ (గ్రీకు కథల్లో సగం మనిషి, సగం మేక) ముఖం, ఆమె ప్రియుడని చెప్పుకున్న ఒకడిది.

"నచ్చలేదన్నందుకే ఇంతా?" అంది అమ్మ. "మొన్న పెళ్లిలో నా ఫొటో తీసెయ్యమంటే తీసేశావు కదా."

నవ్వొచ్చింది గానీ అమ్మ మాటే నాదీను. జిరొదే పేరున్న ఫ్రెంచి చిత్రకారుడు డావిడ్‌కి శిష్యుడు, పనితనానికి వంక పెట్టలేం. కుంచె జాడే కనపడని నున్నటి చర్మం, ప్రతి నాణెం మీదా వేరువేరుగా మెరుపు. అంత ఓపికా కక్ష కోసమే! బొమ్మలో అందరికంటే చౌకగా బయటపడింది మగవాళ్లే. ఒకడు కోడి, ఇంకొకడు ఉత్త తలకాయ. పేరుతో, ఒంటితో సహా బజారున పడింది ఆవిడే. ఫ్రెంచి విప్లవం నడుస్తున్న 1793లో ఒక నాటకంలో రాజభక్తి వాసన ఉందని పారిస్ నాటక సంస్థ కామెడీ ఫ్రాంసేజ్ నటీనటుల్ని అరెస్టు చేసినప్పుడు జైలుకెళ్లిన మనిషి ఆమె. ఆ నాటకంలో ముఖ్య పాత్ర తనదే. తలలు తెగుతున్న రోజుల్ని దాటి వచ్చి, డబ్బున్నవాణ్ణి పెళ్లి చేసుకుంటే అది నేరమా?

అప్పటి జనం ఈ బొమ్మని ఎందుకు ఎగబడి చూసి ఉంటారో మాత్రం ఊహించగలను. విప్లవ ప్రభుత్వం అచ్చేసిన కాగితపు డబ్బు, ఆసిన్యాలు, 1796 నాటికి చిత్తుకాగితాలయ్యాయి. చేతిలో విలువ లేని కాగితాలు మిగిలినవాళ్ల ముందు ఒకావిడ ఒళ్లో నిజమైన బంగారం కురుస్తోంది. ఆ కోపం జిరొదేది ఒక్కడిదే కాదు. డబ్బు చేసుకున్న కాంట్రాక్టర్ల మీద ఉన్న ఊరి కోపాన్నంతా వాళ్లలో ఒకడి పెళ్లాం మీదికి మళ్లించాడు, అదీ తెలివి. ఈ ఎత్తు మన సినిమావాళ్ల కబుర్లలో రోజూ చూస్తున్నదే.

అమ్మకి ఇవన్నీ చెప్పలేదు, అప్పటికే బెంచీ మీద చతికిలబడింది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ గీసిన 'లుక్రీషియా' బొమ్మ ఇదే మ్యూజియంలో ఉంది, ఈసారి ముందు దాని దగ్గరికే వెళ్లాలి. కాఫీ తాగి ఇంటికొచ్చేశాం. రాత్రికి చారు, అప్పడాలు.